పెద్ద వేదికపై ప్రకటన: ఏ దారి ఎవరికి సరిపోతుంది?

కోట్ల మంది ఒకేసారి చూసే మ్యాచ్ మధ్యలో ముప్పై సెకన్లు కొనాలా? ఒక టోర్నీకి ఏళ్ల తరబడి స్పాన్సర్‌గా ఉండాలా? పేరున్న స్టార్‌ను బ్రాండ్ అంబాసిడర్‌గా తెచ్చుకోవాలా? జనం రెండుగా చీలి వాదించుకుంటున్న విషయం మీద ఒక పక్షం వహించి మాట్లాడాలా? లేక ఇవేవీ వద్దనుకుని డబ్బును పది చోట్ల సర్దుకోవాలా? మార్కెటింగ్ బడ్జెట్ చూసేవాళ్లు ఏడాదికోసారైనా ఈ ప్రశ్నల దగ్గర ఆగిపోతారు.

మీటింగుల్లో ఈ చర్చ మామూలుగా "ఎంతమంది చూస్తారు" దగ్గర మొదలై "ఎంతవుతుంది" దగ్గర ముగుస్తుంది. ఆ రెండు అంకెలూ తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి వాటి చుట్టూనే తిరుగుతాం. కానీ పెద్ద ప్రకటనతో పైకొచ్చిన కంపెనీలనూ, దెబ్బతిన్న కంపెనీలనూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండు వర్గాలూ చాలాసార్లు ఒకే వేదిక మీద, ఒకే రేటు కట్టి, ఒకే జనం ముందు నిలబడ్డాయి. ప్రకటన బయటికి వెళ్లాక దాని అదుపు ఎవరి చేతిలో ఉంది, అది చెయ్యి జారినప్పుడు కంపెనీ ఎలా నడుచుకుంది అన్న దగ్గరే వాటి దారులు వేరయ్యాయి. ఈ పోలికంతా ఆ కోణంలోనే చేస్తున్నాను.

## ముందుగా తేల్చుకోవాల్సిన సంగతులు

పోతే తట్టుకోగలమా? పెట్టిన డబ్బంతా ఫలితం లేకుండా పోయిందనుకోండి, వచ్చే ఏడాది మిగతా పనులు నడుస్తాయా? ఏడాది బడ్జెట్‌లో పదో వంతు ఒక్క రాత్రి మీద పెట్టే కంపెనీ, ఉన్నదంతా ఊడ్చి పెట్టే కంపెనీ పైకి ఒకే పని చేస్తున్నట్టు కనిపిస్తాయి. మొదటిది ప్రయోగం, రెండోది జూదం.

అదుపు ఎవరిది? స్క్రిప్టు, తేదీ, మాట్లాడే మనిషి, పక్కన కనిపించే పేర్లు, తర్వాత జరిగే చర్చ: వీటిలో ఎన్ని మన చేతిలో ఉంటాయో కాగితం మీద రాసుకోవాలి. నా లెక్కలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇదే.

సరుకు సిద్ధంగా ఉందా? ప్రకటన చూసి జనం వస్తే కొనడానికి దుకాణాల్లో స్టాక్ ఉండాలి, వెబ్‌సైట్ నిలబడాలి, ఫోన్ ఎత్తే మనిషి ఉండాలి.

పోటీదారు కూడా అక్కడే ఉంటాడా? దీన్ని ఎక్కువమంది పట్టించుకోరు, పట్టించుకోవాలి. కారణం కింద చెబుతాను.

వెనక్కి రావడానికి దారి ఉందా? ఒక్క రాత్రి స్లాటయితే తెల్లారేసరికి అయిపోతుంది. అంబాసిడర్ ఒప్పందం, స్టేడియం పేరు అలా కాదు.

ఈ లెక్కన అయిదు దారులూ ఇలా కనిపిస్తాయి:

| దారి | మన అదుపు | ముప్పు వచ్చే వైపు | వెనక్కి రావడం |
|---|---|---|---|
| పెద్ద మ్యాచ్‌లో ఒక్క స్లాట్ | ఎక్కువ | మన సరుకు, మన స్క్రిప్టు | ప్రసారం దాకా సాధ్యమే, తర్వాత లేదు |
| టోర్నీ, టీమ్ స్పాన్సర్‌షిప్ | తక్కువ | నిర్వాహకులు, ప్రభుత్వం, చట్టం | కష్టం, ఖరీదు |
| స్టార్ అంబాసిడర్ | మధ్యస్థం | ఆ మనిషి వ్యక్తిగత జీవితం | ఒప్పందంలో రాసుకున్నంత వరకే |
| వివాదంలో పక్షం వహించడం | మొదటి రోజు వరకే | కొనేవాళ్లు, మన తడబాటు | దాదాపు లేదు |
| పెద్ద వేదికకు దూరంగా ఉండడం | పూర్తిగా | జనం మరిచిపోవడం | ఎప్పుడైనా మార్చుకోవచ్చు |

## ఒక్క రాత్రి, ముప్పై సెకన్లు

ఈ దారికి ప్రపంచంలో పెద్ద ఉదాహరణ అమెరికాలోని సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్. 2024లో ఆ మ్యాచ్‌ను సగటున 12.34 కోట్ల మంది చూశారు. ఆ ఏడాది ముప్పై సెకన్ల స్లాట్ రేటు దాదాపు 70 లక్షల డాలర్లు. 2025లో కొన్ని స్లాట్లు 80 లక్షల దాకా వెళ్లాయి. ఇది గాలిలో సమయానికి కట్టేది మాత్రమే. చిత్రీకరణ, నటుల పారితోషికం, ముందూ వెనకా నడిపే ప్రచారం దీనికి అదనం. అయినా కంపెనీలు వరస కడతాయంటే కారణముంది: మిగతా రోజుల్లో ప్రకటన రాగానే చానల్ మార్చే జనం ఆ రాత్రి ప్రకటనల కోసమే కూర్చుంటారు.

ఆపిల్ కథ ఇక్కడ రెండు ఏళ్లకూ కలిపి చదవాలి. 1984 జనవరి 22న రిడ్లీ స్కాట్ దర్శకత్వంలో తీసిన నిమిషం నిడివి యాడ్‌తో మాకింతోష్‌ను పరిచయం చేశారు. ప్రసారానికి ముందు ఆ యాడ్ చూసిన కంపెనీ బోర్డుకు అది నచ్చలేదు. కొన్న సమయాన్ని తిరిగి అమ్మేయమని ఏజెన్సీకి చెప్పారు. ముప్పై సెకన్ల స్లాటును అమ్మగలిగారు గానీ నిమిషం స్లాటు మిగిలిపోయింది, యాడ్ వెళ్లింది. మ్యాచ్ అయిన రెండు రోజులకే కంప్యూటర్ విడుదలైంది. ప్రకటనల చరిత్ర చెప్పేవాళ్లెవరూ ఆ యాడ్‌ను వదిలిపెట్టరు.

మరుసటి ఏడాది అదే కంపెనీ, అదే వేదిక. ఈసారి కళ్లకు గంతలు కట్టుకున్న ఉద్యోగులు వరసగా కొండ అంచు నుంచి కిందికి దూకేస్తున్నట్టు చూపించారు. అమ్మాలనుకున్నది ఆఫీసుల్లో వాడే మాకింతోష్ వ్యవస్థను. అది కొనాల్సిందేమో సరిగ్గా ఆ ఉద్యోగులే! వాళ్లకు ఒళ్లు మండింది. పైగా ఆ వ్యవస్థలో ముఖ్యమైన ఫైల్ సర్వర్ అప్పటికి అమ్మకానికే సిద్ధం కాలేదు. రెండేళ్లలో వేదిక మారలేదు, కంపెనీ ధైర్యమూ తగ్గలేదు. మొదటిసారి చెప్పిన మాట వెనక వస్తువుంది, రెండోసారి లేదు.

సరుకు సిద్ధంగా ఉండాలన్న షరతు ఎంత కఠినమైనదో 2022లో క్రిప్టోకరెన్సీ కొనుగోళ్లు, అమ్మకాలు నడిపే కాయిన్‌బేస్ కంపెనీ యాడ్ చూపించింది. నల్లటి తెర మీద ఒక క్యూఆర్ కోడ్ రంగులు మార్చుకుంటూ మూల నుంచి మూలకు తేలుతూ పోతుంది. మాటలు లేవు, మనుషులు లేరు, చివరి క్షణాల దాకా కంపెనీ పేరు కూడా లేదు. జనం సోఫాల మీంచి లేచి ఫోన్లు తెరకు పెట్టారు. ఒక్క నిమిషంలో 2 కోట్లకు పైగా హిట్లు వచ్చాయని కంపెనీయే చెప్పింది. ఆ తాకిడికి సైట్ కాసేపు ఆగిపోయింది. సృజన పరంగా నాకు ఇష్టమైన యాడ్లలో ఇదొకటి. కానీ అదే ఏడాది క్రిప్టో మార్కెట్ పడిపోయి, జూన్‌లో కంపెనీ 18 శాతం ఉద్యోగులను తీసేసింది. అదే రాత్రి అదే మ్యాచ్‌లో ప్రకటన ఇచ్చిన మరో క్రిప్టో కంపెనీ ఎఫ్‌టీఎక్స్ నవంబరులో దివాలా తీసింది. 2000 జనవరి మ్యాచ్‌లోనూ ఇలాగే డాట్‌కామ్ కంపెనీలు డజనుకు పైగా బారులు తీరాయి. వాటిలో ఒకటైన, పెంపుడు జంతువుల సామాను అమ్మే పెట్స్.కామ్ ఆ నవంబరుకే మూతపడింది. వాళ్ల యాడ్‌లో సాక్సుతో చేసిన కుక్క బొమ్మ అందరికీ నచ్చింది, వ్యాపారం మాత్రం ప్రతి ఆర్డర్ మీదా నష్టపోతూ ఉండేది. యాడ్ అందరికీ నచ్చినా అలాంటి వ్యాపారాన్ని నిలబెట్టలేదు.

ఇక పోటీదారు సంగతి. వెస్లీ హార్ట్‌మన్, డేనియల్ క్లాపర్ అనే ఇద్దరు పరిశోధకులు సూపర్ బౌల్ ప్రకటనలు బీరు, కూల్‌డ్రింక్ అమ్మకాల మీద చూపిన ప్రభావాన్ని లెక్కగట్టి 2018లో ప్రచురించారు. బీరులో ఆ మ్యాచ్ ప్రకటన హక్కులు ఒకే కంపెనీ చేతిలో ఉండేవి, ఆ కంపెనీకి గట్టి లాభం కనిపించింది. కూల్‌డ్రింకుల్లో రెండు పెద్ద బ్రాండ్లూ ప్రకటనలు ఇచ్చినప్పుడు ఆ లాభం బాగా తగ్గిపోయింది. కాబట్టి స్లాట్ బేరమాడేటప్పుడు సెకన్ల రేటు ఎంత తగ్గించుకున్నామన్న దానికన్నా, మన రంగంలో ఇంకెవరినీ రానివ్వని ప్రత్యేక హక్కు దొరుకుతుందా అన్నదే ముందు అడగాలి.

ఈ దారిలో ఒక సౌకర్యం ఉంది, దాన్ని వాడుకోవాలి. ప్రసారానికి ముందే జనానికి చూపించి చూడొచ్చు. 2015లో వెబ్‌సైట్ సేవలు అమ్మే గోడాడీ తన కుక్కపిల్ల యాడ్‌ను మ్యాచ్‌కు ముందే విడుదల చేసింది. తప్పిపోయి ఎలాగో ఇల్లు చేరిన కుక్కపిల్లను యజమానురాలు అప్పటికే ఆన్‌లైన్‌లో అమ్మేసినట్టు అందులో ఉంటుంది. జంతు ప్రేమికులు భగ్గుమన్నారు. కంపెనీ దాన్ని వెంటనే ఉపసంహరించుకుని ఇంకో యాడ్ వేసింది. మాట పడ్డా అది మ్యాచ్‌కు ముందే పడింది, సరిదిద్దుకోవడానికి వ్యవధి మిగిలింది. అదే ఏడాది నేషన్‌వైడ్ అనే బీమా సంస్థ, ప్రమాదంలో చనిపోయిన పిల్లాడు మాట్లాడుతున్నట్టు తీసిన యాడ్ వేసింది. పిల్లల భద్రత గురించే చెప్పాలన్నది వాళ్ల ఉద్దేశం. కానీ కుటుంబమంతా పండగలా కూర్చున్న రాత్రి ఆ మాట ఎవరికీ వినబుద్ధి కాలేదు.

## స్పాన్సర్‌షిప్: పేరు మనది, ఇల్లు ఇంకొకరిది

జెర్సీ మీద, మైదానం చుట్టూ, టోర్నీ పేరు ముందు మన పేరు ఏళ్ల తరబడి కనిపించడం చిన్న విషయం కాదు. ఒక్క రాత్రి యాడ్ కొత్తదనాన్ని ఇస్తుంది, స్పాన్సర్‌షిప్ పరిచయాన్నిస్తుంది. కొనేవాళ్లు దుకాణంలో తెలియని పేరు పక్కన పెట్టి తెలిసిన పేరే తీసుకునే రంగాల్లో దీని విలువ ఎక్కువ.

అయితే ఇక్కడ స్క్రిప్టు మనది కాదు. 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఖతార్‌లో నవంబరు 20న మొదలవ్వాలి. బడ్వైజర్ ఎన్నో ఏళ్లుగా ఆ టోర్నీ స్పాన్సర్. స్టేడియంల దగ్గర బీరు అమ్మకూడదని నవంబరు 18న ప్రకటించారు. అంటే రెండు రోజుల ముందు! స్టాళ్లు సిద్ధం, సరుకు గోదాముల్లో పేరుకుని ఉంది. ఆ స్థితిలో బడ్వైజర్ చేసింది నాకు నచ్చింది. నిర్వాహకులతో బహిరంగంగా గొడవ పెట్టుకోలేదు. మిగిలిన బీరంతా కప్పు గెలిచిన దేశానికి ఇస్తామంది. పోయిందనుకున్న ప్రచారం మళ్లీ వచ్చింది. అలా మలుపు తిప్పగల బృందం, ఖర్చు భరించగల కంపెనీ కాబట్టి సాధ్యమైంది. మధ్యతరహా కంపెనీకి ఆ రెండు రోజులే గొంతు మీద కత్తి.

టయోటా ఎదుర్కొన్నది ఇంకో రకం చిక్కు. కోవిడ్ వల్ల ఏడాది వాయిదా పడిన టోక్యో ఒలింపిక్స్ 2021 జులైలో జరగబోతుంటే, ఆ సమయంలో ఆటలు పెట్టడమే వద్దని జపాన్ ప్రజల్లో చాలామంది అంటున్నారు. ప్రారంభానికి కొద్ది రోజుల ముందు టయోటా, సొంత దేశంలో ఒలింపిక్స్‌కు సంబంధించిన టీవీ ప్రకటనలు వేయబోమని చెప్పింది. అత్యున్నత స్థాయి స్పాన్సర్ తాను కొన్న హక్కును తానే పక్కన పెట్టుకుంది. డబ్బు వదులుకోవడం తేలిక కాదు, కానీ జనం మూడ్‌కు ఎదురెళ్లడం అంతకన్నా ఖరీదని వాళ్లు లెక్క కట్టారు.

చట్టం నుంచి వచ్చే ముప్పు మూడోది. భారత క్రికెట్ జట్టు జెర్సీ మీద డ్రీమ్11 పేరుకు 2023లో మూడేళ్ల ఒప్పందం కుదిరింది. 2025 ఆగస్టులో డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం రావడంతో గడువు తీరకముందే అది ముగిసింది. ఆ సెప్టెంబరులో ఆసియా కప్‌లో జట్టు స్పాన్సర్ పేరు లేని జెర్సీతోనే ఆడింది. మీ రంగం మీద ప్రభుత్వాల చూపు ఉంటే (జూదం, మద్యం, క్రిప్టో, పొగాకు) బహుళ సంవత్సరాల ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు ఈ ఉదాహరణను గుర్తు తెచ్చుకోవాలి.

ఇంకో సంగతి బడ్జెట్ గురించి. స్పాన్సర్ హక్కుకు కట్టింది ప్రవేశ రుసుము మాత్రమే. ఆ హక్కును వాడుకుంటూ యాడ్లు, దుకాణాల్లో ప్రచారం, టికెట్ పోటీలు నడిపితేనే పేరు జనం నాలుక మీదికి వస్తుంది. దానికి డబ్బు మిగలని కంపెనీ ఇందులోకి దిగకపోవడమే మంచిది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో రీబాక్ అధికారిక స్పాన్సర్. అయినా ఊరంతా హోర్డింగులు కొని, మైకేల్ జాన్సన్ కాళ్లకు బంగారు రంగు బూట్లు తొడిగిన నైకీనే జనానికి గుర్తుండిపోయింది.

## స్టార్ అంబాసిడర్: ఒక మనిషి మీద పెట్టుబడి

లాభం వైపు నుంచి చూస్తే దీనికి సాటి లేదు. 1984లో ఇంకా కొత్త ఆటగాడైన మైకేల్ జోర్డాన్‌తో నైకీ ఒప్పందం చేసుకుంది. ఆ పేరే తర్వాత ఒక ప్రత్యేక బ్రాండై, ఏటా వందల కోట్ల డాలర్ల అమ్మకాలు తెచ్చేదాకా ఎదిగింది. ఏ ముప్పై సెకన్లూ ఇంత ఇవ్వలేవు.

నష్టం వైపు కూడా అంతే లోతు. 2009 చివర్లో గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్ వ్యక్తిగత జీవితం వార్తలకెక్కింది. యాక్సెంచర్ అప్పటికి ఆరేళ్లుగా తన ప్రచారమంతా ఆయన ముఖం మీదే నడిపింది. విమానాశ్రయంలో ఎటు తిరిగినా ఆయనే, కింద కంపెనీ పేరు. యాక్సెంచర్ అమ్మేది సలహా. సలహా ఇచ్చేవాడికి కావలసింది విశ్వసనీయత. కొద్ది వారాల్లోనే ఒప్పందం తెంచుకుని, ప్రపంచమంతా ఉన్న పోస్టర్లు దించేసింది. తర్వాతి ప్రకటనల్లో మనుషుల బదులు ఏనుగు లాంటి జంతువులను వాడింది. అదే సమయంలో నైకీ ఆయన్ను వదల్లేదు, 2024 జనవరి దాకా కలిసే నడిచింది. నైకీ కొన్నది ఆయన ఆటను. ఆట మళ్లీ తిరిగొస్తుందన్న నమ్మకం వాళ్లకుంది. ఒకే మనిషి, ఒకే వివాదం, రెండు వేర్వేరు నిర్ణయాలు, నా దృష్టిలో రెండూ సరైనవే.

అంబాసిడర్‌ను ఎంచుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇక్కడే దొరుకుతుంది: ఈ మనిషిలో మనం అరువు తెచ్చుకుంటున్నది ఏమిటి? నైపుణ్యమైతే వ్యక్తిగత వివాదాలను కొంతవరకు తట్టుకోవచ్చు. నమ్మకం, కుటుంబ విలువలు, ఆరోగ్యం అయితే ఒక్క వార్తతో మొత్తం పోతుంది.

మోతాదు కూడా చూసుకోవాలి. అడిడాస్ ర్యాప్ గాయకుడు యే (కాన్యే వెస్ట్)తో కలిసి యీజీ అనే మొత్తం బూట్ల వరసనే నిర్మించింది. యూదులపై ఆయన ద్వేషపూరిత వ్యాఖ్యల తర్వాత 2022 అక్టోబరు 25న ఒప్పందం రద్దు చేసింది. ఆ ఏడాది లాభంలో 25 కోట్ల యూరోల దాకా కోత పడుతుందని చెప్పింది. గోదాముల్లో మిగిలిన బూట్లు అమ్మకపోతే 120 కోట్ల యూరోల ఆదాయం పోతుందని తర్వాతి ఫిబ్రవరిలో తేలింది. చివరికి వాటిని విడతలుగా అమ్మి, కొంత సొమ్మును ద్వేషానికి వ్యతిరేకంగా పనిచేసే సంస్థలకు ఇచ్చింది. స్టార్ ప్రకటనలో ఉంటే ప్రకటన ఆపితే సరిపోతుంది. స్టార్ సరుకులోనే ఉంటే సరుకే ఆగిపోతుంది.

మరో చిన్న ముప్పు రోజూ జరుగుతూనే ఉంటుంది: స్టార్ గుర్తుంటాడు, బ్రాండ్ గుర్తుండదు. అదే స్టార్ పది బ్రాండ్లకు కనిపిస్తుంటే మరీను.

## వివాదంలో పక్షం వహించడం

అన్నిటిలోకీ ఎక్కువ అపార్థమైన దారి ఇదే. "ధైర్యంగా మాట్లాడితే జనం మెచ్చుకుంటారు" అని ఒకరు, "వ్యాపారికి రాజకీయాలెందుకు" అని ఒకరు. రెండూ తొందరపాటు మాటలే. మూడు కథలు వరసగా చూడండి.

2017 ఏప్రిల్‌లో పెప్సీ ఒక యాడ్ విడుదల చేసింది. వీధిలో నిరసన జరుగుతుంటుంది, మోడల్ కెండల్ జెన్నర్ వెళ్లి పోలీసుకు పెప్సీ డబ్బా అందిస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. అప్పటికి అమెరికాలో పోలీసు హింస మీద నిజమైన నిరసనలు, నిజమైన చావులు. ఆ బాధను డబ్బా అమ్ముకోవడానికి వాడుకున్నారని జనం మండిపడ్డారు. ఒక్క రోజులో యాడ్ తీసేసి క్షమాపణ చెప్పారు. ఆ యాడ్‌లో నిరసనకారులు పట్టుకున్న బోర్డుల మీద స్పష్టమైన డిమాండ్ ఒక్కటీ కనిపించదు. ఎవరినీ నొప్పించకుండా ఉద్యమం వాసన మాత్రం కావాలనుకున్నారు. అందుకే అందరినీ నొప్పించారు.

2018 సెప్టెంబరులో నైకీ కోలిన్ కేపర్నిక్‌తో ముందుకొచ్చింది. జాతీయ గీతం సమయంలో మోకాలి మీద కూర్చుని నిరసన తెలిపినందుకు దేశం సగం మెచ్చుకున్న, సగం తిట్టిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. బూట్లు తగలబెడుతున్న వీడియోలు వచ్చాయి. మరుసటి రోజు షేరు దాదాపు 3 శాతం పడింది. నైకీ కదల్లేదు. రెండు వారాలు తిరక్కుండానే షేరు అప్పటిదాకా ఎన్నడూ లేనంత ఎత్తుకు చేరింది. నైకీకి ఆయనతో ఒప్పందం 2011 నుంచే ఉంది. పైగా దాని బూట్లు ఎక్కువగా కొనేది యువత, వాళ్లలో చాలామంది ఆయన వైపే ఉన్నారు. అంటే అది గుడ్డి ధైర్యం కాదు, తనవాళ్లెవరో తెలిసిన కంపెనీ వేసిన అడుగు.

2023 ఏప్రిల్ 1న బడ్ లైట్ అనే బీరు బ్రాండ్ ఒక ట్రాన్స్‌జెండర్ ఇన్‌ఫ్లుయెన్సర్‌తో చిన్న సోషల్ మీడియా ప్రచారం చేసింది. టీవీ యాడ్ కూడా కాదు. బహిష్కరణ పిలుపులు మొదలయ్యాయి. అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. రెండు వారాలకు కంపెనీ నుంచి వచ్చిన ప్రకటన ఎవరి పక్షాన్నీ సమర్థించలేదు. మార్కెటింగ్ అధికారులను సెలవు మీద పంపారు. తిట్టేవాళ్లు శాంతించలేదు, మద్దతిచ్చేవాళ్లు తమను వదిలేశారని దూరమయ్యారు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. ఆ త్రైమాసికంలో మాతృసంస్థ అమెరికా ఆదాయం 10.5 శాతం తగ్గింది. రెండు దశాబ్దాలకు పైగా అమ్మకాల్లో మొదటి స్థానంలో ఉన్న బడ్ లైట్‌ను మోడెలో అనే ఇంకో బీరు దాటేసింది.

ఈ మూడింటినీ కలిపి చదివితే, ఎంత కోపం రేగిందన్నది కంపెనీ తలరాతను నిర్ణయించలేదని తెలుస్తుంది. నైకీ మీద కోపమేమీ తక్కువ కాదు. మాట మీద నిలబడగలమా, మన దగ్గర కొనేవాళ్లలో ఎంతమంది మనతో ఉంటారు అన్నవే నిర్ణయించాయి. కాబట్టి సలహా సూటిగా చెబుతాను: మొదటి రోజు షేరు పడినప్పుడు, సీఈవోకు తిట్ల ఉత్తరాలు వచ్చినప్పుడు ఏం మాట్లాడాలో ముందే రాసి బోర్డుతో ఒప్పించుకోలేకపోతే ఈ దారిలోకి అడుగు పెట్టవద్దు. పెట్టి వెనక్కి తగ్గడం, మొదటే మాట్లాడకపోవడం కన్నా ఎంతో నష్టం. పైగా మన వెనక్కి తగ్గడం వల్ల బాధపడేది బ్రాండ్ ఒక్కటే కాదు. మన ప్రచారంలో ముఖం చూపించిన ఆ మనిషి కూడా. దాన్ని లెక్కలోకి తీసుకోని కంపెనీలంటే నాకు గౌరవం లేదు.

## పెద్ద వేదిక వద్దనుకోవడం

ఇది భయస్తుల దారి కాదు, కానీ ఉచితమూ కాదు. 2010లో పెప్సీ 23 ఏళ్ల తర్వాత సూపర్ బౌల్‌కు దూరంగా ఉండి, 2 కోట్ల డాలర్లు ప్రజలు ప్రతిపాదించిన సామాజిక పనులకు ఇచ్చింది. పని మంచిదే, ఓట్లు వెల్లువెత్తాయి. కానీ ఆ ఏడాది అమెరికా అమ్మకాల్లో పెప్సీ మూడో స్థానానికి జారి, డైట్ కోక్ రెండో స్థానానికి వచ్చింది. తప్పంతా ఒక్క మ్యాచ్‌దని అనలేం. అయితే ప్రతి రోజూ చేతికందే దూరంలో గుర్తుకు రావాల్సిన సరుకులకు మౌనం ఖరీదైనదన్నది నిజం. 2021లో బడ్వైజర్ 37 ఏళ్లలో మొదటిసారి సూపర్ బౌల్ యాడ్ మానుకుని ఆ డబ్బును కోవిడ్ టీకాపై అవగాహనకు ఇచ్చింది. దాన్ని మాత్రం నష్టమని ఎవరూ అనలేదు, ఎందుకంటే అదే కంపెనీ మిగతా బ్రాండ్లు ఆ రాత్రి తెర మీద ఉన్నాయి.

పెద్ద వేదిక పక్కన నిలబడి వెలుగు తీసుకోవడం ఇంకో పద్ధతి. 2015 సూపర్ బౌల్‌లో వోల్వో స్లాట్ కొనలేదు. వేరే కార్ల యాడ్ వచ్చినప్పుడల్లా, మీకిష్టమైన వాళ్లకు వోల్వో కారు ఇవ్వాలని ఎందుకు అనుకుంటున్నారో ట్విట్టర్‌లో చెప్పమంది. పోటీదారుల డబ్బుతో జనం వోల్వో గురించి మాట్లాడుకున్నారు. 2013లో మ్యాచ్ మధ్యలో 34 నిమిషాలు కరెంటు పోయినప్పుడు ఓరియో పెట్టిన ఒక్క ట్వీట్ అందరినీ ఆకట్టుకుంది. దాన్ని చూసి "ఖర్చు లేకుండా కొట్టేద్దాం" అనుకునేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. ఆ రాత్రి బ్రాండ్ మనుషులూ ఏజెన్సీ మనుషులూ ఒకే గదిలో, అక్కడికక్కడే అనుమతి ఇవ్వగల అధికారంతో కూర్చున్నారు. ఓరియో ఆ మ్యాచ్‌లో యాడ్ కూడా కొంది.

## మీరెవరో బట్టి

కొత్త కంపెనీ, పెట్టుబడిదారుల డబ్బు. ఒక్క రాత్రి స్లాట్ మీద మోజు ఎక్కువగా ఉండేది మీకే, ముప్పు కూడా మీకే. ప్రతి అమ్మకం మీదా లాభం వస్తోందా, రెట్టింపు ఆర్డర్లు వస్తే తట్టుకుంటారా అన్న రెంటికీ అవునని చెప్పలేకపోతే చిన్న వేదికల్లోనే ఉండండి. పోటీదారు వస్తున్నాడన్న భయంతో వెళ్లడం అన్నిటికన్నా చెడ్డ కారణం.

ఒక ప్రాంతంలో గట్టిగా ఉండి విస్తరిస్తున్న కంపెనీ. మీకు కావలసింది పరిచయం. మధ్యస్థాయి టోర్నీ స్పాన్సర్‌షిప్ తీసుకుని, హక్కుకు కట్టినంత డబ్బు ప్రచారానికి అట్టిపెట్టుకోండి. ఒప్పందం ఒకటి రెండేళ్లకు మించనివ్వకండి.

అందరికీ తెలిసిన పాత బ్రాండ్. మీకు పేరు తెలియజేయాల్సిన పని లేదు, గుర్తు చేయాల్సిన పని ఉంది. పెద్ద స్లాట్ మీకు సరిపోతుంది, మీ రంగంలో ప్రత్యేక హక్కు దొరికితే ఇంకా మంచిది. పక్షం వహించాలనుకుంటే, ఆ విషయంలో ఇంతకుముందు మీరేం చేశారో జనం వెతుకుతారు. అక్కడ ఏమీ కనిపించకపోతే మాట్లాడకండి.

కంపెనీలకు సేవలు అమ్మేవాళ్లు. కోట్ల మంది చూసినా మీ దగ్గర కొనేది కొన్ని వేల మందే. స్టార్ ముఖం కన్నా చేసిన పని చూపించండి.

నియంత్రణ ఎక్కువగా ఉన్న రంగాలవాళ్లు. పొడవాటి ఒప్పందాలకు దూరంగా ఉండండి. చట్టం మారితే చెల్లింపు ఆగే నిబంధన లేకుండా సంతకం పెట్టకండి.

## సంతకానికి ముందు

ఏ దారి ఎంచుకున్నా ఒప్పందంలో కొన్ని మాటలు ఉండి తీరాలి. అంబాసిడర్ అయితే నడవడిక నిబంధన. అదీ "కోర్టులో దోషిగా తేలితే" అని కాకుండా, "బ్రాండ్ పేరుకు నష్టం కలిగించే ప్రవర్తన" అన్నంత విశాలంగా. స్పాన్సర్‌షిప్ అయితే కార్యక్రమం వాయిదా పడితే, స్థలం మారితే, మన సరుకు అమ్మనివ్వకపోతే ఎంత తిరిగి వస్తుందో అంకెల్లో రాసుకోవాలి. స్లాట్ అయితే చివరి నిమిషంలో యాడ్ మార్చుకునే హక్కు, చేతిలో రెండో యాడ్ సిద్ధంగా ఉండాలి.

ఆ తర్వాత యాడ్‌ను ఆఫీసు బయటివాళ్లకు చూపించండి. ఏజెన్సీ వాళ్లకు కాదు, బోర్డుకు కాదు. ఆ యాడ్‌లో చూపించిన మనుషుల లాంటి వాళ్లకు, అది చూసి కోపం తెచ్చుకోగలవాళ్లకు చూపించండి. పెప్సీ యాడ్ సంస్థ సొంత స్టూడియోలోనే తయారైంది. 1985 ఆపిల్ యాడ్‌ను ఒక ఆఫీసు గుమాస్తాకు ముందే చూపించి ఉంటే ఆయన ముఖమే చెప్పేది.

చివరిగా, ప్రసారమైన మరుసటి ఉదయం ఎవరు మాట్లాడతారో, ఎవరి అనుమతి అక్కర్లేకుండా ఎంతవరకు నిర్ణయం తీసుకోగలరో పేరు పెట్టి రాయండి. ఆ కాగితం మీద ఎవరూ సంతకం పెట్టడానికి ముందుకు రాకపోతే, స్లాట్ రేటు ఎంత తక్కువైనా ఈసారికి వదిలేయండి.